ఒక్క పూట ఎండ

ఆ ఏడాది వానలు పదకొండు రోజుల ముందే ఆగిపోయాయి. ఇంత తొందరగా ఆగడం తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదని రేడియోలో వాతావరణం చెప్పే ఆయన అన్నాడు. మా వీధిలో అందరూ సంతోషించారు. బూజు పట్టిన బూట్లు వాకిళ్ళలోకి వచ్చాయి, కిటికీలన్నిటికీ పరుపులు వేలాడాయి. పరుపుల దుకాణం వాళ్ళం కనక అందరికంటే ఎక్కువ సంతోషించాల్సింది మేమే.

పాత దూది తీసి, ఏకి, మళ్ళీ పరుపు కుట్టివ్వడం మా పని. మా మామగారు పెట్టిన దుకాణం అది. ముందు గదిలో బేరాలు, వెనక గదిలో దూది ఏకే యంత్రం, పైన మేం ఉండే రెండు గదులు, ఆ పైన పరుపులు ఎండేసే వెదురు దండేలు. ఎండ లేకపోతే మాకు పని సాగదు. అందుకని జూన్ రాగానే చూరుకి ఎండబొమ్మ కట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. తెల్లగుడ్డలో దూది ఉండ పెట్టి, మెడ దగ్గర దారం బిగిస్తే అదే బొమ్మ. విహారయాత్రకి ముందు ఎండ రమ్మని అడుగుతూ బడిపిల్లలు కడతారే, అదే. కాకపోతే మేం ఆటకి కట్టం.

మావాడు షుంజి అప్పుడు హైస్కూలు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ఆరో ఏట వాడికి నిమ్ము చేసి పదహారు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత ఎంత పొడుగు పెరిగినా నా చెవి మాత్రం వాడి గుండెల మీదే ఉండిపోయింది. రెండు గోడల అవతల దగ్గినా నాకు వినపడుతుంది. "పక్కింటాయన ఆవలించినా నీకు క్షయేమో అనిపిస్తుంది ఫుమియే" అని మా ఆయన నవ్వేవారు. నవ్వనీ అనుకునేదాన్ని. ఎవరో ఒకరు భయపడుతూ ఉంటేనే ఇంటికి ఏమీ కాదని నా నమ్మకం.

జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం షుంజి బడి నుంచి వస్తూ ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. వాన ఆగి అప్పటికి గంటయింది. ఆ పిల్ల మీద మాత్రం పడుతోంది. తలకి మూరెడు పైన చేటంత మబ్బు ఒకటి ఆగి సన్నగా కురుస్తోంది. వాళ్ళ వెనకాల నాలుగు కప్పలు, బడికి పోయే పిల్లల్లా వరసగా.

"అమ్మా, కోప్పడకు," అన్నాడు షుంజి. వాడి చొక్కా సగం తడిసింది, సగం పొడిగా ఉంది. "బస్టాపులో తడుస్తూ నిలబడింది. జాలేసి గొడుగు పట్టాను. అంతే."

"అంతే కాదు అత్తయ్యగారూ," అంది ఆ పిల్ల, నడుం వంచి దండం పెడుతూ. తనతో పాటు మబ్బు కూడా వంగి, గుమ్మంలోని చెప్పులన్నిటినీ నింపేసింది. "ఒకే గొడుగు కింద నూరడుగులు నడిచాం. మావాళ్ళలో అది నిశ్చితార్థం."

"మీవాళ్ళంటే ఎవరు?"

"వానవాళ్ళం. నా పేరు కొసమె."

కొసమె అంటే తుంపర. బడిపిల్లలు గోడల మీద గొడుగు బొమ్మ గీసి, కర్రకి అటొక పేరూ ఇటొక పేరూ రాసి ఒకర్నొకరు ఏడిపించుకుంటారు. మనకది వేళాకోళం. ఆ పిల్ల దాన్ని మాటిచ్చినట్టే తీసుకుంది.

వేరే తల్లయితే పెళ్ళిమాట దగ్గరే ఆగిపోయేది. నాకు అది తట్టనే లేదు. ఈ పిల్లకి జలుబు చేస్తుంది, అది షుంజికి అంటుకుంటుంది, నిమ్ము తిరగబెడుతుంది, ఈసారి పదహారు రోజులతో పోదు అనుకున్నాను. పరుగెత్తి తువ్వాలు తెచ్చాను. ఆ పిల్ల తుడుచుకున్నకొద్దీ తడిసింది. నాలుగో తువ్వాలు కూడా తడిశాక మా ఆయన వచ్చి చూసి, ఏమీ అడక్కుండా బకెట్టు తెచ్చి పక్కన పెట్టారు.

"ఇందులో పడేట్టు కూర్చో తల్లీ. చాపలు కొత్తవి."

"మామయ్యగారు మంచివారు," అంది కొసమె. సిగ్గుపడింది కాబోలు, గదంతా ఒక్కసారి పొగమంచు కమ్మేసింది. మంచు విడేసరికి మా ఆయన గోడ అల్మారా వైపు తిరిగి, "అలాగే ఉండమ్మా, మాకేం అభ్యంతరం లేదు" అని దానికి చెబుతున్నారు.

మేడ మీద దండేల పక్కన ఒక రేకుల గది ఉండేది. అందులో పాత స్నానపు తొట్టి ఉంది. ఆ పిల్ల అందులోనే పడుకునేది. పరుపిస్తే తెల్లారేసరికి చెరువయ్యేది.

మర్నాడు పొద్దున్న ఆ పిల్లకి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ఒక్కో వెక్కిలికీ ఒక్కో బకెట్టు నీళ్ళు పైనుంచి దభీమని పడేవి. మూడో వెక్కిలికి మా ఆయన చేతిలోని అన్నం గిన్నె వసారా దాటి వెళ్ళింది.

"చూరుకి ఏదో ఉంది అత్తయ్యగారూ. కడుపులోంచి ఎవరో బయటికి తోస్తున్నట్టుంది."

ఎండబొమ్మ. మా ఆయన నిచ్చెన వేసి దాన్ని విప్పారు. వెక్కిళ్ళు ఆగిపోయాయి. ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చాక జూన్‌లో ఆ చూరు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

ఆ మూడు వారాలూ ఇల్లు ఇల్లులా లేదు. ఆ పిల్లకి కోపం వస్తే వడగళ్ళు, సంతోషం వస్తే చినుకులు. అసూయ ఎలా ఉంటుందో వీధి చివర తోఫు దుకాణం మునకాత గారి అమ్మాయి రిత్సుకో వచ్చిన రోజున తెలిసింది. రిత్సుకోకీ షుంజికీ ఒకటో తరగతి నుంచీ పోట్లాట. అందులో ప్రేమ ఎంతో నాకూ తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు, తెలియనిది షుంజికే.

"పిన్నీ, తోఫు," అని గుమ్మంలోకొచ్చి, కొసమెని పైనుంచి కిందిదాకా చూసింది రిత్సుకో. "ఓహో. మావాడు గొడుగు పట్టింది ఈవిడకేనా?"

"మీవాడా?" అంది కొసమె, ఎంతో మర్యాదగా.

చిన్న ఉరుము వినపడింది. ఇంట్లోనే, దీపం పక్కన.

"చిన్నప్పటి నుంచీ మావాడే. ముక్కు చీదటం నేర్పింది నేనే," అంది రిత్సుకో.

"అయితే మీరు అక్కగారన్నమాట."

"ఎవరే అక్కగారు?"

షుంజి ఇద్దరి మధ్యకీ వచ్చి, "తోఫు పాడైపోతుంది, ముందు లోపల పెట్టండి" అన్నాడు. అంతకంటే తెలివితక్కువ మాట వాడికి దొరకలేదు. రిత్సుకో చేతిలోని డబ్బా మీద గోళీలంత వడగళ్ళు పడి, ఆ పూట మేం తోఫు చెంచాలతో ఎత్తుకు తిన్నాం. మర్నాడు రిత్సుకో రబ్బరు బూట్లు, రెయిన్‌కోటు వేసుకొచ్చి, "ఇప్పుడు కొట్టమను" అంది. నాకు రిత్సుకో అంటే కూడా ఇష్టమే.

షుంజి ఏదో చెప్పబోవడం, అది పూర్తి కాకుండా ఏదో మునిగిపోవడం రివాజైపోయింది. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో ఆ పిల్ల జుట్టులోంచి నత్తను తీస్తూ వాడు, "కొసమె, నేను నిన్ను..." అన్నాడు. నేను తలుపు ఇవతలే ఉన్నాను. మాట పూర్తవకుండానే అల్మారా తలుపులు పగిలేట్టు తెరుచుకున్నాయి. చారులోకని దాచుకున్న ఎండు చేపలు, పిడికెడు, గిన్నెలో గిరగిరా ఈదుతున్నాయి. ఎండు పుట్టగొడుగులు గొడుగులంత అయ్యాయి. ఎండు సముద్రపు నాచు సంచీ మొత్తం ఉబ్బి, గిన్నెలు కడిగే తొట్టి నిండి, మెట్లు దిగి, దుకాణంలో బేరానికొచ్చి కూర్చున్న మనిషి కాళ్ళకి చుట్టుకుంది.

మా ఆయన గిన్నెలోకి తొంగిచూసి, "ఇవి మళ్ళీ చావటానికి ఒప్పుకుంటాయంటావా?" అన్నారు.

"నవ్వకండి. ఆ తడికి వాడి ఊపిరితిత్తులు ఏమైపోతాయి?" అన్నాను.

"వాడి మొహం చూడు ముందు. ఊపిరితిత్తులు తర్వాత చూద్దువుగాని."

చూశాను. నాచు నెత్తిన వేసుకుని, నత్త చేత్తో పట్టుకుని, వాడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆరేళ్ళ వయసు తర్వాత వాడంత నవ్వడం నేను చూడలేదు. బహుశా నేనే నవ్వనివ్వలేదేమో. గట్టిగా నవ్వితే దగ్గొస్తుందని నోరు మూయించేదాన్ని.

కొసమె వాడి వెంటే బడికీ పోయేది. ఒకసారి మాస్టారు కబురంపారు. పరీక్ష జరుగుతుంటే షుంజి వెనక్కి తిరిగి కొసమెని చూశాడట. సిరా అంతా కరిగి, నలభైమంది కాగితాలూ ఒకే నీలిరంగు అయ్యాయట. "అందరికీ సమానంగా మార్కులు వేయాల్సొచ్చిందమ్మా," అన్నారాయన. ఆయన విగ్గు కిటికీ ఊచకి ఆరేసి ఉంది. తల మీద ఒక కప్ప కూర్చుని ఉంది. ఆయన దాన్ని తోలలేదు, నేను చూడనట్టే ఉన్నాను.

జూన్ ఆఖర్లో పుల్లటి ఉమె కాయలు వచ్చాయి. ఏటా ఉప్పులో వేస్తాను. ఆ రోజు కొసమె వచ్చి నా పక్కన కూర్చుని, చెప్పకుండానే వెదురుపుల్లతో ఒక్కో కాయకీ తొడిమ తీయడం మొదలుపెట్టింది. తన మీద పడే నీళ్ళు కాయల మీద పడకుండా ఒళ్ళు వెనక్కి వంచి, చేతులు మాత్రం ముందుకు చాపి కూర్చుంది.

"నడుం నొప్పెడుతుంది. సరిగా కూర్చో," అన్నాను.

"కాయలు తడిస్తే బూజు పడతాయి కదా అత్తయ్యగారూ. మీకు బూజంటే భయం."

"ఎవరు చెప్పారు?"

"షుంజి. మీకు భయమైనవన్నీ వరసగా చెప్పాడు. చాలాసేపు పట్టింది."

నవ్వొచ్చింది. ఆ పిల్ల కూడా నవ్వింది. పైన చినుకులు మెత్తగా పడ్డాయి. తర్వాత ఆ పిల్లే అంది, వానలు ఉత్తరానికి కదిలేటప్పుడు తనవాళ్ళంతా వెళ్ళిపోవాలని. ఎవరైనా ఒక ఇంట్లో ఉండమంటే ఉండొచ్చట. వాన దానంతటదే వెళ్ళేదాకా ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఎండ అడక్కుండా ఉంటే చాలు. అప్పుడు నెత్తిమీది మబ్బు పోతుంది, మామూలు ఆడపిల్ల అయిపోతుంది.

"అడిగితే?"

"అడిగినవాళ్ళకి ఎండ వస్తుంది," అంది, పుల్ల తుడుచుకుంటూ. "మేం పోతాం. మళ్ళీ ఆ ఇంటివైపు దారి దొరకదు."

సాయంత్రం షుంజి నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడు అలా కూర్చుంటే ఏదో పెద్ద తప్పు చేశాడనుకున్నాను.

"అమ్మా. ఇంకో రెండు వారాలు. అంతవరకు బొమ్మ కట్టొద్దు. దాన్ని ఉండమని నువ్వే చెప్పాలి. నేను చెబితే చాలదు, నాన్న చెబితే చాలదు. ఇంటి ఆవిడ చెప్పాలట."

మేడ మెట్ల మీద ఆ పిల్ల నిలబడి ఉంది. మబ్బు కూడా ఊపిరి బిగబట్టినట్టు కురవడం మానేసింది. ఉమె కాయలకి అందనంత దూరంగా వంచిన నడుం నాకు గుర్తొచ్చింది.

"ఉండమ్మా," అన్నాను.

నిజంగానే అన్నాను. మనసులో ఏదీ దాచుకుని అనలేదు. ఆ తర్వాత చేసిన పనిని బట్టి ఎవరైనా వేరేగా అనుకుంటే అనుకోవచ్చు.

షుంజి నేలకి నుదురు ఆనించి దండం పెట్టాడు. మా ఆయన పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుని, "తుంపర," అన్నారు. ఇంట్లో ఆ క్షణాన ఒక్క చినుకు లేదు.

జులై మొదటి వారంలో దగ్గు మొదలైంది.

సంత నుంచి వస్తుంటే వెనక గదిలోంచి వినపడింది. పొడిదగ్గు. ఆగి, మళ్ళీ. తలుపు తట్టాను. లోపల గడియ వేసి ఉంది.

"షుంజీ, ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదమ్మా. నాన్న చెప్పిన పని."

"దగ్గుతున్నావు."

"పొలమారింది."

మర్నాడు మళ్ళీ పొలమారింది. ఆ మర్నాడూ. కళ్ళు ఎర్రబడ్డాయి. నుదుటి మీద చెయ్యి వేస్తే, "వేడి లేదమ్మా, వదులు" అని తోసేశాడు. ఆరేళ్ళప్పుడు కూడా మొదటి మూడు రోజులు జ్వరం లేదు. నాకు బాగా గుర్తు. ఆ మూడు రోజులూ లేదు కదా అని ఊరుకున్నందుకే ఆసుపత్రిదాకా వెళ్ళింది.

తోఫు కోసం వెళితే రిత్సుకో వాళ్ళమ్మ మునకాత గారు పట్టుకున్నారు.

"ఏం ఫుమియే గారూ, మీ కోడలు వీధిని చేపల చెరువు చేసేదాకా వదిలేట్టు లేదే. మా దుకాణంలో కప్పలు తోఫు కొనడానికి వరసలో నిలబడుతున్నాయి."

నేను నవ్వలేదు.

"మీవాడు దగ్గుతున్నాడట. రిత్సుకో చెప్పింది. కోపం తెచ్చుకోకండి, మా అత్తగారి తమ్ముడు ఇలాగే తడి గోడల ఇంట్లో ఉండి, ఆ ఏడే పోయాడు. వాడికప్పుడు పంతొమ్మిది."

ఇంటికొచ్చి వాడి గదిలోకి వెళ్ళాను. పరుపు ఎత్తి చూశాను. కింద చాప నల్లబడి ఉంది. పరుపు పిండితే నీళ్ళు వచ్చేట్టుంది. ఊళ్ళోవాళ్ళ పరుపులు ఆరబెట్టే మా ఇంట్లో నా కొడుకు ఆ తడిమీద పడుకుంటున్నాడు.

ఒక్క పూట చాలనుకున్నాను. ఒక్క పూట ఎండ వస్తే ఆ పరుపు ఆరిపోతుంది. తర్వాత తీసేస్తాను. వానలు పూర్తిగా పొమ్మని అడగడం లేదు కదా, ఒక్క పూట. చూరుకి కాకుండా లోపల కడితే అది అడిగినట్టు కూడా కాదేమో. ఇలాగే ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను.

వాడి సొరుగులోంచి తెల్ల చేతిరుమాలు తీసుకున్నాను. దూది ఉండ పెట్టి, దారం కట్టాను. గోడ అల్మారాలో మడతపెట్టిన పరుపుల వెనక, మేకుకి తగిలించాను. తలుపు జరిపాను. అప్పుడు మధ్యాహ్నం మూడైంది. కింద మా ఆయన ఎవరితోనో దూది రకం గురించి మాట్లాడుతున్నారు.

సాయంత్రం భోజనాల దగ్గర కొసమెకి ఒక్క వెక్కిలి వచ్చింది.

చిన్నది. చెంచాడు నీళ్ళు పడ్డాయంతే. మా ఆయన, "ఆవ ఘాటెక్కిందా తల్లీ?" అన్నారు. షుంజి గ్లాసు అందించాడు. ఆ పిల్ల వసారా వైపు తిరిగి చూరు చూసింది. అక్కడ ఏమీ లేదు. తర్వాత నన్ను చూసింది. నేను చేపముల్లు తీసుకుంటున్నాను.

ఆ పూట అన్నం అయ్యేదాకా ఆ పిల్ల ఎడమచెయ్యి నోటికి అడ్డంపెట్టుకునే తింది. వెక్కిలి వచ్చినప్పుడల్లా భుజాలు కదిలేవి. చప్పుడు మాత్రం రానివ్వలేదు. అప్పుడు లేచి వెళ్ళి అల్మారా తెరవడానికి ఎనిమిది అడుగులు. కూర్చునే ఉన్నాను. రేపు పరుపు ఆరగానే తీసేద్దామని కూర్చున్నాను.

తెల్లారేసరికి కిటికీకి అతికించిన కాగితం మీద వెలుగు పడి ఉంది. ఆదివారం. పరుపు భుజాన వేసుకుని మేడెక్కాను. ఆకాశంలో ఎక్కడా మరక లేదు.

కొసమె తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. జుట్టు ఆరిపోయింది. ఆ పిల్ల జుట్టు పొడిగా చూడటం అదే మొదటిసారి. మెడ మీద గాలికి కదులుతోంది. తల మీద మబ్బు గుప్పెడంత ఉంది. కప్పలు ఒక్కటీ లేవు.

"అత్తయ్యగారూ, పరుపు ఇటు వేయండి. ఇక్కడ ఎండ బాగుంది," అని లేచి, దండెం మీద పరుపు పరవడానికి రెండో కొస పట్టుకుంది.

నేను చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో షుంజి మెట్లు ఎక్కుతూ వచ్చాడు, మా ఆయన వాడి వెనకాల.

"ఇంకా పదకొండు రోజులున్నాయన్నావు కదా," అన్నాడు షుంజి. చూరు మీదికి వంగి అటూ ఇటూ చూశాడు. "ఎవరైనా కట్టారా? నాన్నా?"

"నేను ముట్టలేదురా. నీ మీదొట్టు."

వాడు నన్ను అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. ఉండమన్నది నేనే కదా.

"ఎవరూ అడగలేదు," అంది కొసమె. "గాలి తొందరపెట్టింది. ఒక్కో ఏడు అంతే."

"నిజమా?"

"అత్తయ్యగారే ఉండమన్నాక ఇంక ఎవరు అడుగుతారు?"

ఆ మాట వాడితో అంటూ నన్ను చూసింది. అందులో కోపం లేదు. ఉండుంటే నాకు తేలికగా ఉండేది. అల్మారాలో ఉంది, నేనే కట్టాను అని అప్పుడు అనుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. బొమ్మ చింపేస్తే ఆ గుప్పెడు మబ్బూ మళ్ళీ చేటంత అయ్యేదేమో. కాకపోయేదేమో. వాడికి నిజమైనా తెలిసేది. చేతిలో పరుపు కొస అలాగే పట్టుకుని నిలబడ్డాను.

షుంజి కిందికెళ్ళి గొడుగు తెచ్చాడు. ఆ ఎండలో ఇద్దరూ దాని కింద నడిచారు. దుకాణాలవాళ్ళు తలుపులు తీస్తూ నవ్వారు. రిత్సుకో మాత్రం నవ్వలేదు. రెయిన్‌కోటు చేతిలో పట్టుకుని తోఫు దుకాణం ముందు నిలబడి, కొసమెకి తల వంచి దండం పెట్టింది. వీధి మలుపు దగ్గరికి వెళ్ళేసరికి గొడుగు కింద షుంజి ఒక్కడే ఉన్నాడు. వాడు చాలాసేపు గొడుగు మూయలేదు.

బొమ్మ విప్పి, దూది తీసేసి, చేతిరుమాలు ఉతికి ఇస్త్రీ చేశాను. వాడి సొరుగులోనే, తీసినచోటే పెట్టాను.

మర్నాడు దగ్గు ఆగిపోయింది. ఆ మర్నాడూ లేదు. ఎండ పని చేసిందని మా ఆయనతో అన్నాను. ఎవరో ఒకరు ఆ మాట ఒప్పుకుంటే బాగుండునని.

"ఎండేమిటి?" అన్నారాయన. "వాడు దూది ఏకడం మానేశాడు, దగ్గు ఆగింది."

"వాడు దూది ఏకడమేమిటి?"

ఆయన వెనక గది తలుపు తీసి చూపించారు. మూలన గుడ్డ కప్పిన పరుపు ఒకటి ఉంది. ఒక్క మనిషిది, పలచటిది. పైగుడ్డ మీద నీలం అజిసాయి పూలు, వానల్లో పూసేవి.

"ఆ పిల్లకి. మబ్బు పోయాక తొట్టిలో పడుకోకూడదు కదా అన్నాడు. నువ్వు ఉండమన్న మర్నాడే మొదలెట్టాడు. మొదటి నుంచీ చివరిదాకా తనే చేస్తానన్నాడు. యంత్రం వద్దట, చేత్తో ఏకాడు. మూతికి గుడ్డ కట్టుకోరా అంటే ఊపిరాడటం లేదంటాడు. దూది ముక్కులోకీ గొంతులోకీ పోతే దగ్గు రాదూ? నీకు చెప్పొద్దన్నాడు. పూర్తయ్యాక ఇద్దరికీ ఒకేసారి చూపిస్తానన్నాడు."

నేల మీద తెల్లటి నూగు పరుచుకుని ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ నూగు మధ్య తిరుగుతున్నాను. పనివాళ్ళు ఆ నూగుకి దగ్గుతుంటే వింటూనే ఉన్నాను. వాళ్ళ దగ్గుని ఎన్నడూ నిమ్ము అనుకోలేదు.

జులై నెలంతా మండిపోయింది. మా దుకాణం ముందు పరుపులు కొండలా పేరుకున్నాయి. ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం షుంజి ఆ పరుపు భుజాన వేసుకుని పైకొచ్చి, నా ముందు పరిచాడు.

"అన్నీ కుట్టాను. మూలలు మాత్రం వంకరపోతున్నాయి. నువ్వు వేస్తావా?"

"ఎవరికి ఇది?"

"ఎవరికీ కాదు. సగంలో వదిలేస్తే బాగోదని."

సూదిలోకి దారం ఎక్కించాను. వాడు ఎదురుగా కూర్చుని గుడ్డ లాగి పట్టుకున్నాడు. వాడి గోళ్ళ కింద దూదినార ఉంది. మొదటి మూల కుట్టడం అయింది.

"అమ్మా, ఒకటి చెప్పనా? నవ్వకూడదు."

"చెప్పు."

"నీకు ఎంత భయమో నాకు తెలుసు. తడంటే, దగ్గంటే. అయినా దాన్ని ఉండమన్నావు. ఆ రోజు నీ మొహం చూశాను. నాకోసమే అన్నావు. అది ఉండి ఉంటే నేనీ మాట ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదేమో. లేదు కాబట్టి చెబుతున్నాను."

రెండో మూల అయింది, మూడోది అయింది. మూలకి ఒక్క కుట్టు చాలు. నాలుగో మూలకి ఒకటి వేశాను. దాని మీద ఇంకొకటి వేశాను. తల ఎత్తితే చెప్పేస్తానని తెలుసు. వేస్తూనే ఉన్నాను.

"చాలమ్మా," అన్నాడు షుంజి, మెల్లగా, నా చేతి మీద చెయ్యి వేసి. "గట్టిగానే ఉంది."